కంబల్‌వాలా, మా ఇంటి ఎర్ర కంబలి

ఆ రోజుల్ల నాకు లోకంల ఎవ్వరి మీద లేనంత నమ్మకం ఒక్క మనిషి మీద ఉండె. ఆయన బొమ్మల పుస్తకంల ఉండేటోడు కాబట్టి నాకు జీతం ఎంతని అడగడు, పెండ్లి ఎప్పుడని అడగడు. (ఆ రెండు అడిగే పని మా మేనత్తది. ఆమె ముచ్చట ముందట వస్తది.) ఆయన పేరు కంబల్‌వాలా. చార్మినార్ కాడ నేను పనిచేసే గాజుల దుకాణం వెనుక గల్లీల ఒక చాచా, తాడు మీద బట్టలు ఆరేసినట్టు హిందీ కామిక్స్ ఆరేసి కిరాయికి ఇచ్చేటోడు. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నేను టిఫిన్ డబ్బా ముందట వెట్టుకొని, ఎడమ చేత్తోని పేజీలు తిప్పుకుంట తినేదాన్ని. పేజీలకు పప్పు అంటితే చాచా "బేటీ, పడ్నే కు దియా, ఖానే కు నై" అని, చదవనీకి ఇస్తే తింటున్నవా అన్నట్టు నెత్తి కొట్టుకునేటోడు గాని, కొత్త పుస్తకం వస్తే మాత్రం నాకోసమే దాచిపెట్టేటోడు.

కంబల్‌వాలా పగటిపూట దూది ఏకెటోడు. భుజానికి ఆ పెద్ద విల్లు తగిలిచ్చుకొని గల్లీ గల్లీ తిరిగి, పాత పరుపులు విప్పి దూది ఏకి మల్ల కుట్టిస్తడు. వాకిట్ల కూసుండి దూది ఏకెటోడిని ఎవ్వరు పట్టించుకోరు గదా, ఏ ఇంట్ల ఏ అన్యాయం జరిగినా ఆయన చెవుల వడ్తది. పొద్దుగూకంగనే కంబలి పట్టుకొని బయలెల్తడు. అన్యాయం చేసినోడి తల మీద వెనుకనుంచి కంబలి ఏస్తడు, మంచిగ ఉతుకుతడు, పోతడు. వానికి ఈయన మొఖం కనవడదు, ఈయనకు వాని మొఖం కనవడదు. "మొఖం చూస్తే చెయ్యి లేవదు" అని ప్రతి పుస్తకంల ఒక్కసారన్న అంటడు. ఇంకో ముచ్చట ఏందంటే, కొట్టినంక కంబలి వాపస్ తీసుకోడు. చలిల వణుక్కుంట పోతడేమో అని ఆ దుర్మార్గుడి మీదనే ఇడిసిపెడ్తడు. గిప్పుడు మీరే చెప్పుండ్రి, ఆయన మంచోడా, చెడ్డోడా? నాతోని పనిచేసే పిల్ల ఒకతి ఉండె, దాన్ని అందరు పొట్టిది అనేటోళ్లు. అదేమో "కొట్టుడెందుకు, కప్పుడెందుకు? రెండిట్ల ఏదన్న ఒకటి చెయ్యమను మీ కంబలాయన్ని" అన్నది. ఆ మాటకు నేను దానితోని ఒక పూటంత మాట్లాడలే.

ఒక పుస్తకంల మాత్రం ఆయన తప్పు మనిషిని కొట్టిండు. పొద్దుగూకినంక సైకిల్ మీద పోతున్న పాలాయన్ని దొంగ అనుకొని ఉతికిండు. ఆ పాలాయన లేసి, మీదున్న కంబలి చూసుకొని, ఎవడో పాపాత్ముడు కొట్టిపోతే ఇంకెవరో పుణ్యాత్ముడు కంబలి కప్పిపోయిండని, ఆ కప్పినోడికి దండం పెట్టిండు. గోడ చాటుకెళ్లి అది చూసిన కంబల్‌వాలా ఆఖరి పేజీల కూసుండి ఏడ్చిండు. నేను గూడ ఏడ్చిన. ఏడ్చి, ఆ పుస్తకాన్ని మంచిగ మర్చిపోయిన. అభిమానం అంటే గంతే, మనకు పనికొచ్చే పేజీలే యాదికుంటయి.

ఇగ మా ఇంటి సంగతి. మాది జల్‌పల్లి దిక్కు, చిన్న చిన్న ప్లాట్లు, సగం కట్టిన ఇండ్లు, సగం ముండ్లచెట్లు. బాపు అఫ్జల్‌గంజ్ రూట్ల సిటీ బస్సు నడిపేటోడు. మధ్యాహ్నం బస్సు ఎక్కితే, చివరి ట్రిప్పు కొట్టి, మేమందరం తిన్నంక ఇంటికొచ్చేటోడు. ఇంటర్ అయినంక నన్ను దుకాణంల పనికి పంపుడు ఆయనకొక్కనికే ఇష్టం. మా మేనత్త, అంటే బాపు అక్క, వచ్చినప్పుడల్ల "ఆడివిల్ల పొద్దుగూకినంక ఆ ముండ్లచెట్ల నడుమకెళ్లి వచ్చుడేంది తమ్మీ? ఒక్క మాట పడ్డదంటే చాలు, బంద్ చేపియ్యాలె" అనేది. అమ్మ ఎటు చెప్పకుండ బియ్యం ఏరుకుంట కూసునేది. బాపు మాత్రం "చూద్దాం తియ్యక్కా" అనేటోడు. ఆ చూద్దాం మీదనే నా బతుకంత ఆగి ఉండె. దుకాణం బంద్ అయితే చార్మినార్ బంద్, పొట్టిది బంద్, చాచా బంద్, నా సొంత పైసలతోని నేను కట్టుకుంటున్న డిగ్రీ ఫీజు బంద్. పొద్దుందాక ఇంట్ల కూసుండి మేనత్త తెచ్చే సంబంధాల ఫోటోలు చూసుడే మిగుల్తది.

గట్లాంటి టైముల, చలికాలం మొదలుకాంగనే, ఒకడు నా ఎంట వడ్డడు. నేను బస్సు దిగంగనే చాయ్ హోటల్ పక్కకెళ్లి కదిలేటోడు. మంకీ క్యాప్, మొఖానికి మఫ్లర్, ఒంటికి వదులు స్వెటర్. నేను జల్ది నడిస్తే జల్ది నడుస్తడు, ఆగితే ఆగుతడు. ఒకసారి చెప్పు తెగినట్టు వంగి చూసిన, వాడు కరెంటు స్తంభానికి అంటిచ్చిన కాగితం చదువుతున్నట్టు నిలవడ్డడు. చీకట్ల ఏం కనవడ్తదని చదువుతుండో మరి. దగ్గరికి రాడు, ఒక్క మాట అనడు, మా ఇంటి గేటు సప్పుడు అయ్యేదాంక ఉండి మాయమైతడు. రోజు గిదే తంతు. నాకు తిన్నది ఒంటికి వడ్తలేదు. ఎవ్వరికి చెప్పాలె? ఇంట్ల చెప్తే ఆ ఒక్క మాట నేనే చేతికిచ్చినట్టు అయితది. పోనీ బాపుకన్న ఆదివారం మెల్లగ చెప్దామంటే ఆ చలికాలం ఆయనకు ఆదివారం గూడ డ్యూటీనే. "ఇదేం కొత్త లొల్లి?" అని అమ్మ అడిగితే "స్టాఫ్ తక్కువున్నరు" అని తల తిప్పుకునేటోడు.

ఆఖరికి చెప్పుకున్నది పొట్టిదానికే. అది పోలీసులకు చెప్పుమన్నది. పోలీసులు ముందుగాల బాపును పిలిపిస్తరు. అప్పుడు నాకు కంబల్‌వాలా యాదికొచ్చిండు. మొఖాలు కనవడొద్దు, మాట బయటికి రావొద్దు, వాడు మల్ల రావొద్దు, మూడింటికి ఆయన కాడ ఒక్కటే మందు ఉన్నది. "నీకు పిచ్చి లేసింది" అన్నది పొట్టిది. తెల్లారి అమ్మ నీళ్లు పట్టనీకి పోయిన యాళ్ల, మా ఇంట్ల పెద్ద ఎర్ర కంబలిని మడతవెట్టి గాజుల డబ్బాలు మోసే సంచిల కుక్కుకొని పోయిన. ఆ పొద్దంత ఒక గిరాకీ సైజు గాజులు ఇంకో గిరాకీ చేతికి ఎక్కియ్యబోయిన. ఒకామె "ఏంది బిడ్డా, జెరమొచ్చిందా?" అని నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆ సాయంత్రం నేను బస్సు దిగేసరికే మా దిక్కు కరెంటు పోయి ఉండె. వాడు ఎప్పటిలెక్కనే చాయ్ హోటల్ కాడికెళ్లి కదిలిండు. నేను ఎనకకు చూడలే. మా గల్లీ మలుపు కాడ ఒక సగం కట్టిన ఇల్లుంటది. మలుపు తిరగంగనే ఉరికి ఆ గోడ చాటుకు పోయి, కంబలి విప్పి రెండు చేతులల్ల పట్టుకున్న. ఇసుక మీద వాని అడుగుల సప్పుడు దగ్గరికొస్తున్నది. నేను కనవడక వాడు పరేషాన్ అయినట్టున్నడు, అడుగులు జల్ది అయినయి. వాడు గోడ దాటి రెండడుగులు ఏసిండో లేదో, నేను వెనుకనుంచి దుంకి కంబలి తల మీదికెళ్లి ఏసిన. ఏసి, సంచిల ఉన్న స్టీలు టిఫిన్ డబ్బాను సంచితోనే తిప్పి కొట్టిన. భుజం మీద, వీపు మీద, ఏడ దొరికితే ఆడ కొట్టిన. వాడు తిరగవడ్తడు, గొంతు పట్టుకుంటడు అనుకుంటున్న. వాడు తిరగవడలే. లోపట "అబ్బా" అని సన్నగ మూల్గి, రెండు చేతులు తల మీద వెట్టుకొని ఆడనే కూలవడ్డడు. ఎందుకో ఒక్క క్షణం కంబలి ఎత్తి చూద్దామా అనిపిచ్చింది. మొఖం చూస్తే చెయ్యి లేవదు. గురువుగారి మాట దాటలే, కంబలి వాని మీదనే ఇడిసిపెట్టి ఇంటికి ఉరికిన.

ఇంట్ల అమ్మ దీపం ముందట కూసుండి "కుక్కలు తరిమినయా?" అని అడిగితే "అవును" అన్న. ఇగ అక్కడికెళ్లి అసలు భయం మొదలైంది. వాడు చచ్చిపోతే? పోలీసులొస్తే? బువ్వ ముందట కూసుండి గేటు దిక్కే చూస్తున్న. బాపు ఎప్పటి టైముకే వచ్చిండు గాని, మెట్టు ఎక్కుతుంటె గోడ పట్టుకున్నడు. ఏమైందని అమ్మ అడిగితే "స్టీరింగ్ జామైంది, భుజం పట్టేసింది" అన్నడు. అమ్మ బామ్ సీసా నా చేతికిచ్చి రాయమన్నది. ఒక దుర్మార్గుడిని మట్టి కరిపిచ్చొచ్చిన చేతులతోనే కన్నతండ్రికి సేవ చేస్తున్న అని లోపట్లోపట మస్తు గర్వపడుకుంట రుద్దిన. (ఇది రాస్తుంటె నాకు పుస్తకం కింద దూరాలనిపిస్తున్నది.) బాపు పండ్లు కరుచుకొని "జర మెల్లగ బిడ్డా, నీ చెయ్యి గట్టిది" అన్నడు.

తెల్లారి సంది మంకీ క్యాప్ కనవడలే. రెండో నాడు లేడు, మూడో నాడు లేడు. నేను గల్లీ నడుమ ఛాతీ ఇరుసుకొని నడుసుడు షురూ చేసిన. ఇంట్ల మాత్రం కంబలి ఏదని అమ్మ లొల్లి. దండెం మీదికెళ్లి ఎవరో ఎత్తుకపోయినట్టున్నరని అబద్ధం ఆడిన. గిట్ల ఉంటుండంగ ఒకనాడు బాపు చంకల ఒక మూట వెట్టుకొని వచ్చి "బస్సుల ఎవరో మర్చిపోయిండ్రు" అని అమ్మ ముందట వెట్టిండు. విప్పితే ఎర్ర కంబలి. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి "గిది మనదే గదా, గీ మూలకు ఎలుక కొరికిన బొక్క గూడ ఉన్నది" అన్నది. బాపు అంగీ విప్పుకుంట "ఎలుకలు అందరిండ్లల్ల ఉంటయి" అన్నడు. అమ్మ ఆయన దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, కంబలి మడతవెట్టి అరుగు మీద వెట్టింది.

ఆ కంబలి కప్పుకున్నన్ని నాళ్లు నాకు నిద్ర లేదు. నా లెక్క ఏందంటే, వాడు బతికే ఉన్నడు. మా బాపు ఎవరో వానికి ఎరుక. బాపు బస్సే ఎక్కి, సీటు మీద కంబలి ఇడిసి, నీ ఇల్లు నాకు ఎరుకే అని నాకు చెప్పిపంపిండు. ఎన్ని నెలలో బాపు డ్యూటీకి పోతుంటె "పైలం బాపూ, ఎనకాల ఎవరన్న కూసుంటున్నరేమో చూసుకో" అని చెప్పిన. "సిటీ బస్సు బిడ్డా, ఎనకాల అందరు కూసుంటరు" అనేటోడు ఆయన. దుకాణం మాత్రం బంద్ కాలే. మేనత్త అడిగినప్పుడల్ల బాపు ఇంతకుముందులెక్క చూద్దాం అనకుండ, "నా బిడ్డకు ఏం ఫికర్ లేదక్కా" అనుడు మొదలువెట్టిండు. డిగ్రీ అయింది, నౌకరీ వచ్చింది, పెండ్లి అయింది. చాచా తాడు మీద కామిక్స్ పోయి ఫోన్ కవర్లు వచ్చినయి.

చానా ఏండ్లకు బాపు రిటైర్ అయిన నాడు డిపోల టెంట్ ఏసి, కుర్చీలేసి సన్మానం చేసిండ్రు. బాపుతోని అదే బస్సు వంతులేసుకొని నడిపిన జోడి డ్రైవర్ ఒకాయన, మేం మీసాల కాక అంటం, మైకు పట్టుకున్నడు. బాపు ఎంత మంచోడో చెప్పుకుంట చెప్పుకుంట "ఒక చలికాలం గీయన నా పాణం తీసిండు" అన్నడు. "నా చివరి ట్రిప్పు నువ్వు కొట్టు కాకా, నీ ఆదివారాలు నేను కొడ్త అన్నడు. ఎందుకురా అంటే, బిడ్డ చీకట్ల ఒక్కతే వస్తది, అక్క పని బంద్ చెయ్యమంటున్నది, నేను ఎనకాల నడుస్త, దానికి తెలుస్తే చిన్నతనం అనుకుంటది అన్నడు. నా స్వెటర్, నా మంకీ క్యాప్ గూడ ఇచ్చిన. తెల్వకుండ పోవాలె గదా." అందరు నవ్విండ్రు. కాక ఆగలే. "ఒకనాడు భుజం పట్టుకొని వచ్చి, నా ట్రిప్పు నాకియ్యి కాకా, నా బిడ్డకు ఇగ ఎవ్వరి పారా అక్కర్లేదు అన్నడు. ఏమైందిరా అంటే ఇప్పటిదాంక చెప్పలే. కానీ ఆ నాడు ఆయన మొఖంల ఉన్న సంబురం, బస్సు కొత్తది ఇచ్చిననాడు గూడ చూడలే నేను."

ఇగ బిడ్డ వచ్చి శాలువా కప్పుతది అన్నరు. ఎట్ల లేసిన్నో, ఎట్ల నడిసిన్నో తెల్వదు. కాక స్వెటర్‌నే కాదు, కన్నతండ్రి నడకను గూడ నేను గుర్తువట్టలేదంటే, ఎప్పుడు స్టీరింగ్ ముందట కూసునే మనిషిని నడుస్తుంటె చూసిందే తక్కువ అని ఒక సాకు చెప్పుకుంట పోయిన. బాపు కుర్చీల కూసుండి ఉండె. నేను ఎనకకు పోయి, శాలువా విప్పి, రెండు చేతులతోని ఎత్తిన. ఆ నీడ పడంగనే బాపు రెండు చేతులు టక్కున లేసి తల మీద పడ్డయి. టెంట్ కింద ఎవ్వరికి అర్థం కాలే, దండం పెడ్తుండనుకొని చప్పట్లు కొట్టిండ్రు. ఆయన చేతులు అట్లనే ఉంచుకొని, మెల్లగ మెడ తిప్పి నా దిక్కు చూసి, నాకొక్కదానికే ఇనవడేటట్టు అడిగిండు.

"టిఫిన్ డబ్బా తేలేదు గదా, బిడ్డా?"

నేను నవ్విన్నో ఏడ్చిన్నో ఫోటోల గూడ తెలుస్తలేదు. ఇప్పుడు తలుసుకుంటె, కంబల్‌వాలా మంచోడా చెడ్డోడా అని పొట్టిదాని మీద పూటంత అలిగిన ఆ పిల్ల మీద నాకు ముద్దే వస్తది. గోడ చాటున కూసుండి ఏడ్చిన ఆ ఆఖరి పేజీల ఆయన్ని మాత్రం ఇప్పుడు ఇంకా ఎక్కువ ఇష్టపడ్తున్న. ఆ ఎర్ర కంబలి ఇంకా ఉన్నది, ఎలుక బొక్కతోని సహా. చలికాలం జల్‌పల్లికి పోయినప్పుడు బాపుకు నేనే కప్పుత, ముందటికెళ్లి, మొఖం చూసుకుంట. ఆయన ఎందుకన్న మంచిదని ఒక చెయ్యి తల మీదనే ఉంచుకుంటడు.