పడే చోటు

క్షిపణుల జాడ కనిపెట్టే నేవీ ఓడలో నేను కొన్నేళ్లు రాడార్ ముందు కూర్చున్నాను. ప్రయోగించిన క్షిపణి సముద్రంలో ఎక్కడ పడబోతుందో ఆ దరిదాపులకు ముందే చేరి, అది పడిన చోటూ క్షణమూ నమోదు చేయడం మా పని. బయలుదేరే ముందు ఫోన్లు తీసేసుకునేవారు. ఎక్కడికి పోతున్నామో ఇంట్లో చెప్పకూడదు.

అట్లాంటి ఒక ప్రయాణంలో ఉండగా ఎల్లారెడ్డి ఊరి దగ్గర మా మక్కజొన్న చేనులో మోటరు వేయబోయి అన్న కరెంటు షాకుతో పోయాడు. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. మా ఊళ్లో దుబాయి నుంచి మనిషి రావాలంటే శవాన్ని ఫ్రీజరు పెట్టెలో ఉంచుతారు. రెండో రోజుకో మూడో రోజుకో అతను విమానం దిగి వచ్చేస్తాడు. నేనూ అట్లాగే వస్తాననుకుని కామారెడ్డి నుంచి పెట్టె తెప్పించి నాలుగు రోజులు ఆగారు. ఓడ వెనక్కి తిరగదని వాళ్లకెవరు చెబుతారు? చివరికి చిన్నాన్న తలకొరివి పెట్టాడు. నేను చేరేసరికి పదకొండో దినం కూడా అయిపోయింది.

మొన్న ఆ ఓడ సర్వీసు చరిత్రను పుస్తకంగా అచ్చేసి పాత సిబ్బందికి పంపారు. ఆ ప్రయాణం గురించి ఒకటే వాక్యం ఉంది: లక్ష్యం నెరవేరింది. నాకు బుద్ధి లేక దాన్ని వదినకు చదివి వినిపించాను.

ఆమె బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టింది.

"గా ఇనుపముక్క ఏడ పడ్తదోనని ఓడెడు మంది కండ్లల్ల ఒత్తులేసుకొని చూసిండ్రు. మీ అన్న పొద్దుగాల పడితే పొద్దూకిందాక ఎవ్వలు చూడలే."