బంతి లేని వైపు

ఇనుప గనుల ఊరు కిరండూల్ మైదానానికి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును ఎంపిక చేయడానికి వచ్చే మేడమ్ అసలు బంతినే చూసేవారు కాదు. ఎర్రదుమ్ముకి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, బంతి లేని వైపే చూస్తూ నిలబడేవారు. విజయనగరం నుంచి వచ్చిన రైల్వే వాళ్ళమ్మాయి, ఒకప్పుడు బాగా ఆడిన మనిషి. ఈల ఊదే డ్రిల్లు మాస్టారిని నేను. ఆవిడ తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒక ఏడాది పామేడు అడవుల నుంచి గోండీ తప్ప మరో భాష రాని పిల్ల వచ్చింది. ఆటంతా అయినా ఆ పిల్ల కాలికి బంతి తగల్లేదు. మేడమ్ మొదట ఎంచుకున్నది ఆ పిల్లనే.

"బంతే ముట్టని పిల్లని ఎలా తీసుకుంటారండీ?" అన్నాను.

"ప్రతిసారీ ఖాళీ చూసుకుని పరిగెట్టింది మాస్టారూ. హిందీలో 'ఇధర్', ఇటివ్వు, అని అరవడం రాదు, అంతే. మన టౌన్‌షిప్ పిల్లలు ఒక్కపాలి తలెత్తి చూస్తే కదా!"

ఆ వెంటనే జట్టునంతా ఆ పిల్ల చుట్టూ కూర్చోబెట్టి, బంతి ఇటివ్వమని గోండీలో ఎలా అరుస్తారో సైగలతో అడిగి, ఆ పిల్ల చేతే అందరికీ నేర్పించారు. మళ్ళీ ఆట మొదలైంది. ఆ పిల్ల అరిచింది. బంతి నేరుగా ఆమె కాళ్ళ దగ్గరకు వెళ్ళింది. నేను ఈల సంగతే మరిచి చప్పట్లు కొట్టాను.

మేడమ్ అప్పటికే బంతి లేని రెండో వైపు చూస్తున్నారు.