చిలకలకు వార్నిష్

మనిషి చేతికి బ్రష్షు, బుర్రకు మంచి ఆలోచన ఒకేసారి దొరక్కూడదు. విడివిడిగా దొరికితే ప్రమాదం లేదు. కొన్ని నెలల క్రితం ఓ ఆదివారం పొద్దున నాకు ఆ రెండూ కలిసి దొరికాయి. ఆ పూట సింగపూర్ సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో జరిగిన విధ్వంసం గురించి చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. నేనూ నవ్వుతూనే చెబుదామనుకుంటున్నాను. మధ్యలో ఎక్కడైనా ఆగితే మంచినీళ్ల కోసం ఆగాననుకోండి.

ముందు చిలకల సంగతి చెప్పాలి.

మా పాప పుట్టినప్పుడు మా అత్తయ్య రాజమండ్రి నుంచి వచ్చి కొన్నాళ్లు మాతో ఉన్నారు. బారసాలనాడు ఉయ్యాల పక్కన గోడ బోసిగా ఉండటం ఆవిడకు నచ్చలేదు.

"బిడ్డ కళ్లు తెరిస్తే చూట్టానికి ఏదో ఒకటి ఉండాలి కదా బాబూ" అన్నారు.

ఆన్‌లైన్‌లో స్టిక్కర్లు తెప్పిస్తానన్నాను. అల్లుడి మాట కాదనకూడదు గనక ఆవిడ వినబడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయారు. బియ్యప్పిండిలో పసుపు వేసి దోసెల పిండిలా కలుపుకొచ్చి, చూపుడువేలితో గోడ మీద చిలకలు వేశారు. ఒక కొమ్మ, దాని మీద వరసగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న చిలకలు.

"చిలకలు పచ్చగా కదండీ ఉండాలి" అన్నాను.

"పచ్చగానే ఉన్నాయిగా" అన్నారు ఆవిడ, పసుపు వేలు చూపిస్తూ.

తెలుగు భాష ఆవిడ పక్షాన ఉంది.

ఆవిడ ఇండియా వెళ్లిన కొన్ని నెలలకు, ఓ ఉదయం పెరట్లో పూలు కోస్తూ కూలబడిపోయారు. మళ్లీ లేవలేదు. నా భార్య వసుధ దొరికిన ఫ్లైటల్లా మారి వెళ్లేసరికి అక్కడ ఇల్లంతా కడిగేసి ఉందట. తిరిగొచ్చాక ఆ ఒక్క మాటే చెప్పింది నాకు. "నేను వెళ్లేసరికి ఇల్లు కడిగేశారండీ." అంతే. ఏడవలేదు. రోజూ ఆఫీసుకు బయల్దేరే ముందు మాత్రం ఒక చిలక వీపు మీద వేలు పెట్టి మెల్లగా రాసేది. పిండి ఎండి గోడ మీద గట్టులా ఉబ్బింది కదా, ఆ గట్టు మధ్య అత్తయ్య వేలు నడిచిన గాడి ఉండేది. వసుధ వేలు సరిగ్గా అందులో పట్టేది. ఫోనులో ఆ చిలకల ఫోటోలు బోలెడున్నాయి. గాడి ఫోటోలో పడదు.

కానీ సింగపూర్ గాలిలో ఉన్నంత తేమ మా ఊరి చెరువులో కూడా ఉండదు. చిలకలు పెచ్చులూడటం మొదలైంది. దానికి తోడు చీమలకు బియ్యప్పిండి కబురందింది. అవి క్రమశిక్షణ గల జాతి. క్యూలో వచ్చి రెక్కొకరు, ముక్కొకరు మోసుకుపోతుంటే, రాలిన పసుపు పొడిని వసుధ చీపురుతో ఊడవకుండా చేత్తో ఎత్తేది. ఎత్తాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడేది.

సంవత్సరీకానికి వసుధ పాపను తీసుకుని రాజమండ్రి వెళ్లింది. నాకు సైన్స్ పార్క్‌లోని మా ఆఫీసువాళ్లు సెలవివ్వలేదు. రెండోరోజు ఫోన్ చేసి, "చిలకలు ఎలా ఉన్నాయి?" అని అడిగింది.

"బాగున్నాయి. ఒకదాని తోక కొంచెం రాలింది."

అటు నుంచి చాలాసేపు మాట లేదు. ఇదిగో, ఆ మౌనంలోనే నాకు మంచి ఆలోచన వచ్చింది.

మా బ్లాక్ కింద ఉన్న హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి, "అంకుల్, గోడ మీద బొమ్మ చెరిగిపోకుండా ఏదైనా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"ఏం బొమ్మ?"

"పేరట్స్."

ఆయన నన్ను ఎగాదిగా చూసి ఒక డబ్బా తీసిచ్చి సింగపూర్ ఇంగ్లీషులో చెప్పాడు. "క్లియర్ వార్నిష్. వాటర్ బేస్, నో స్మెల్ వన్. బ్రష్ ఆల్సో వాష్ విత్ వాటర్. వెరీ ఈజీ లా."

ఇల్లంతా చంటిపిల్ల తిరిగేచోట వాసన లేకపోవడం నాకు నచ్చింది. నీళ్లతో కడిగితే బ్రష్షు శుభ్రమైపోవడం మరీ నచ్చింది. బ్రష్షు మీది వార్నిష్‌ను కరిగించే నీళ్లు వార్నిష్‌లోనూ ఉంటాయనీ, అవి గోడ మీది పిండిని ఊరుకోవనీ తట్టడానికి పెద్ద చదువక్కర్లేదు. పెద్ద చదువులున్న నాకు తట్టలేదు, అంతే.

ఆదివారం పొద్దున పాత పేపర్లు పరిచి, బనీను తొడుక్కుని, డబ్బా మూత తీస్తుంటే పక్క ఫ్లాట్ నసీమా ఆంటీ గిన్నెతో దాల్చా తెచ్చారు. హైదరాబాద్ ఆవిడ. ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయినా ఆమె తెలుగు చార్మినార్ దాటి రాలేదు.

"ఏం జేస్తున్నవ్ బేటా?"

"అత్తయ్య వేసిన చిలకలు ఎప్పటికీ ఉండిపోయేలా చేస్తున్నాను ఆంటీ. వసుధకు సర్‌ప్రైజ్."

"వసుధను అడిగినవా మరి?"

"అడిగితే సర్‌ప్రైజ్ ఎలా అవుతుంది ఆంటీ?"

ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టి కాసేపు చిలకల్ని చూశారు. "మా ఆయన గూడ సర్‌ప్రైజులు ఇస్తుండె. అడిగి జేసినయ్యే మంచిగుంటుండె" అని వెళ్లిపోయారు.

ఇంతకన్నా స్పష్టంగా ఆకాశవాణి కూడా చెప్పదు. నేను బ్రష్షు ముంచాను.

మొదటి దెబ్బకే చిలక మాయమైంది. డబ్బా మీద పారదర్శకం అని ఉంది, లోపల మాత్రం గేదెపాలలా తెల్లగా ఉంది. ఎండితే ఆ తెలుపు పోతుందని డబ్బా వెనక రాసే ఉంది. నేను ముందు వైపు చదివి సంతోషించే రకం. కంగారుపడి, ఒంటి మీది బనీను లాగి తుడిచాను. తెలుపుతో పాటు రెక్క కూడా వచ్చేసింది. అంతలో మిగిలిన పసుపు మెల్లగా ఎర్రబడటం మొదలైంది. మీ ఇంట్లో పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తారు కదా, అదే తమాషా. ఆ డబ్బాలో సున్నం లాంటి గుణమేదో ఉందన్నమాట. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాకు చిలకను నిలబెట్టబోతే కోడి అయింది. అదీ తందూరీ కోడి.

తెలివైనవాడు అక్కడ ఆగుతాడు. ఒకటి ఎర్రగా, మిగతావి పచ్చగా ఉంటే వసుధ కనిపెట్టేస్తుందని, నేను అన్నింటికీ సమన్యాయం చేశాను.

కొమ్మ చివరి చిలక దగ్గరుండగా వీడియో కాల్ వచ్చింది. ఫోన్ పైకప్పు వైపు తిప్పి ఎత్తాను.

"ఫ్యానెందుకు చూపిస్తున్నారు?" అంది వసుధ.

"నెట్‌వర్క్ సరిగ్గా లేదు."

"సింగపూర్‌లోనా?"

"వాన పడుతోంది."

"పాప చిలకల్ని చూస్తానంటోందండీ. ఒక్కసారి తిప్పండి."

"నిద్రపోతున్నాయి" అన్నాను.

నా బుర్ర స్థితి మీకు అర్థమైందనుకుంటాను. ఫోన్ పెట్టేసి, సాక్ష్యం మిగలకూడదని ఆ బనీనును వాషింగ్ మెషీన్లో వేశాను. అందులో ఆ వారం నేను విడిచిన తెల్ల ఆఫీసు చొక్కాలన్నీ ఉన్నాయి. మెషీన్ ఆన్ చేసి, గోడకు ఎదురుగా కూర్చున్నాను. వార్నిష్ చెప్పినట్టే ఎండింది. చెప్పినట్టే పారదర్శకమైంది. దాని పనితనంలో ఏ లోపమూ లేదు. నేను చేసిన వెధవపనిని అద్దంలా మెరిసేట్టు, చీమ కూడా ముట్టకుండా, తడిగుడ్డ పెట్టినా చెరగకుండా భద్రపరిచింది.

వసుధ వచ్చాక నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సినదంతా గోడ మీదే ఉంది. చెప్పులు విప్పి, పాపను దించి, నేరుగా అక్కడికి నడిచింది. నా మీద అరుస్తుందని తలుపు పక్కన నిలబడి ఎదురుచూశాను. అరిస్తే బాగుండేది. ఆమె ఆ ఎర్రటి మరక మీద వేలు పెట్టి, ఒక చివరి నుంచి మరో చివరి దాకా రాసింది.

"నున్నగా ఉంది" అంది.

"వసూ, పోకుండా ఉంటాయని..."

"తెలుసు." వేలు తీయకుండానే అడిగింది. "తుడిచారా?"

"ఊ."

"దేంతో?"

"బనీనుతో."

"ఏదది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నా జీవితంలో నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది. "ఉతికేశాను" అన్నాను.

ఆమె అప్పుడు కూర్చుంది. నేల మీదే, గోడకు వీపు ఆనించి. "ఇక్కడ కూడా కడిగేశారా" అంది. ఏడాదిగా లోపల ఆపుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. పాప తల్లి ఒళ్లో చేరి ఆమె ముఖం తడుముతూ ఉంటే, నేను పక్కన కూర్చున్నాను.

సాయంత్రం బట్టలు మడత పెడుతూ వసుధ నన్ను పిలిచింది. ఒడి నిండా ఆ బనీనుతో కలిపి ఉతికిన నా చొక్కాలు. అన్నీ లేత పసుపు రంగులో, పెళ్లికొడుకు బట్టల్లా ఉన్నాయి.

"పారేద్దాంలే, కొత్తవి కొనుక్కుంటాను" అన్నాను.

"ఆఫీసుకు మీరు కొనుక్కోండి. ఇవి నావి."

ఒక చొక్కా తొడుక్కుంది. మోకాళ్ల దాకా వచ్చింది. చేతులు మడిచి, ఆ మడతను ముక్కు దగ్గర పెట్టుకుని, "సబ్బు వాసనే వస్తోంది" అంది. మళ్లీ కళ్లు నిండాయి. అయినా విప్పలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో అవే తొడుక్కుంటోంది. ఎండ తగిలితే పసుపు నిలవదని, మా కిటికీ బయట గడ మీద కాకుండా లోపల నీడలో ఆరేస్తుంది. అయినా ఉతికిన కొద్దీ రంగు తగ్గుతూనే ఉంది. మొన్న ఒకదాన్ని దీపం దగ్గర పట్టి చూస్తున్నాను, ఇంకా పసుపేనా, తెల్లబడిపోయిందా అని.

వెనక నుంచి వసుధ గొంతు వినబడింది. "దానికి ఏమైనా చేద్దామని ఆలోచిస్తున్నారా?"

"అబ్బే."

"ఆలోచించకండి."

కనుక పాఠక మహాశయులారా, మీ సమక్షంలో, మా ఇంటి మెరిసే గోడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువునూ శాశ్వతం చెయ్యను. మా ఇంట్లో ఏదైనా వెలిసిపోతుంటే వెలిసిపోనిస్తాను. రెండు చేతులూ కట్టుకుని, బ్రష్షు అందనంత దూరంలో, వసుధ పక్కన కూర్చుని చూస్తాను.