ఆదివారం దాకా ఆగుదామనుకున్న గాయం

ఆసుపత్రుల్లో వాడే ఎర్రసబ్బు వాసన తగిలితే ఇప్పటికీ నేను అక్కడ నిలబడలేను. మొన్న అంగట్లో ఎవరో ఆ సబ్బుల పెట్టె విప్పారు. కొనడానికి వెళ్లిన కందిపప్పు సంగతి మరిచిపోయి బయటికి వచ్చేశాను. ఆ వాసన వెనకాల రెడ్డెమ్మక్క ఉంది. తిరుపతిలో మేం అద్దెకున్న ఇంటి పక్క వాటాలో ఉండేది. సర్కారు ఆసుపత్రిలో ఆయమ్మగా పనిచేసేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పోయిన నెల శ్రీకాళహస్తిలో కూతురింట్లో కన్నుమూసింది. చివరి చూపుకు కూడా నేను ఆలస్యంగానే వెళ్లాను. నన్ను ఎరిగినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు.

పనులు వాయిదా వేయడంలో నా అంతటిదాన్ని నేనే. మా ఆయన తిరుమల ఘాట్‌రోడ్డు బస్సు డ్రైవరు, తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లేవారు. నేను ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. ఇంట్లో అంట్లు, నానబెట్టిన గుడ్డలు, రుబ్బాల్సిన పిండి, దిద్దాల్సిన పేపర్లు అన్నీ ఒకేసారి నా మీదికి వచ్చేవి. దేన్ని ముందు పట్టుకోవాలో తెలియక ఏదీ పట్టుకోకుండా కాసేపు గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. ఉతికి మడవని గుడ్డల కుప్ప ఒక కుర్చీని పూర్తిగా ఆక్రమించేసింది. రెడ్డెమ్మక్క సాయంత్రం వచ్చి ఆ కుర్చీని చూసి, "దీని మీద మనిషి కూసునే యోగం ఎప్పుడొస్తాదో" అని నవ్వేది. నాకు కోపం వచ్చేది. నాలాగా రెండు డ్యూటీలు చేస్తే తెలుస్తుంది అనుకునేదాన్ని. ఆసుపత్రి, తన ఇల్లు, మధ్యలో మా ఇల్లు, ఆమె మూడు చేస్తోందని అప్పట్లో ఆలోచించలేదు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. మా పాప చిన్నికి ఆరేళ్లు. ఒక గురువారం సాయంత్రం గ్రైండర్ తిరుగుతుంటే వచ్చి కొంగు పట్టుకుంది. "అమ్మా, కుక్కపిల్ల కాలు పట్టుకునింది" అంది. "కాళ్లు కడుక్కో పో, తర్వాత చూస్తా" అన్నాను. తర్వాత అంటే రెండు గంటలు పట్టింది. పిక్క మీద రెండు చిన్న గాట్లు, ఎండిన నెత్తురు. మా అమ్మ చేసినట్టే సున్నం, పసుపు కలిపి పూశాను. వడమాలపేట దాటాక ఒక పల్లెలో కుక్కకాటుకు పసరు పోస్తారని, అదీ ఆదివారం పూట మాత్రమేనని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పసరు పోయించి, కొన్నాళ్లు ఉప్పులేని పథ్యం పెడితే సరిపోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఆదివారం అనే మాట నాకు హాయిగా తగిలింది. ఈసారి నా వాయిదాకు పెద్దలు పెట్టిన వారమే దొరికింది.

శనివారం మధ్యాహ్నం రెడ్డెమ్మక్క గుమ్మంలో కూర్చుని చిన్నికి జడ వేస్తోంది. పాప కాలు చాపగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏంది మే ఇది?"

"వీధిలో నల్ల కుక్కపిల్ల గీరింది అక్కా. సున్నం పెట్టినా. రేపు పోయి పసరు పోయించుకొస్తాం."

"గీరిందా, కరిసిందా?"

"కరిసింది అవ్వా" అంది చిన్ని.

"ఎప్పుడు?"

"నిన్న" అన్నాను నేను. ఎందుకు అన్నానో నాకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. చిన్ని నా ముఖంలోకి చూసింది. ఆ చూపును రెడ్డెమ్మక్క కూడా చూసింది.

ఆమె ఇంకేమీ అడగలేదు. పాపను ఎత్తుకుని బయట కొళాయి కిందికి తీసుకెళ్లింది. తన ఇంట్లోంచి ఎర్రసబ్బు తెప్పించి, సున్నమంతా పోయేదాకా, నేను చాలు అన్నా వినకుండా నురగ పెట్టి కడుగుతూనే ఉంది. "సున్నానికి ఆ ఇసం సస్తాదని ఎవురు సెప్పినారు మే నీకు? మా వార్డుకు ఒకన్ని తెచ్చినారు, పసరు తాగినోన్నే. గలాసు నీళ్లు సూపిస్తే గోడకెక్కినాడు. ఆ పిచ్చికుక్క రోగం వచ్చినాక మందు లేదు" అంది. గొంతు తగ్గించి చెప్పింది. ఆమె గొంతు తగ్గించగా నేను వినడం అదే మొదటిసారి. నేను చేతికందిన పర్సు తీసుకుని తలుపుకు తాళం వేశాను.

వీధి చివర ఆటో ఎక్కుతూ టీకొట్టు అతన్ని, "ఆ నల్ల కుక్కపిల్ల యాడుండాది నాయనా?" అని అడిగింది. పొద్దున్నే చచ్చిపడి ఉంటే చెత్తబండిలో వేసుకుపోయారని చెప్పాడు. ఆటోలో చిన్ని నా ఒళ్లో కూర్చుని బొమ్మల అంగళ్లు లెక్కపెడుతోంది. నేను దాని నుదురు తడుముతూనే ఉన్నాను.

డాక్టరు చీటీ రాస్తూ, కరిచి ఎన్ని రోజులైందని అడిగాడు. నేను రెడ్డెమ్మక్క వైపు చూశాను. రెడ్డెమ్మక్క నా భుజం మీద చెయ్యి వేసి, "ఈడ మాత్రం దినాలు తప్పు సెప్పబాకు. నేను బయట ఉంటా" అని తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. ఆమె ముందు నా అబద్ధం బయటపడకూడదని ఆమే బయటికి వెళ్లింది. నేను గురువారం అన్నాను. గాయంలోనే పొడిచిన సూదికి చిన్ని పెట్టిన కేక ఆ వరండా అంతా వినబడింది.

సూదులు ఏ రోజున వేయాలో చీటీ మీద రాసిచ్చారు. ఒక్కటీ తప్పలేదు, రెడ్డెమ్మక్క తప్పనివ్వలేదు. సూదులన్నీ పడితే భయం లేదని డాక్టరు చెప్పినా నా భయం నాతోనే ఉంది. చిన్ని దగ్గితే భయం, మెడ తిప్పితే భయం. ఒక ఉదయం నీళ్ల గ్లాసిస్తే వద్దని మూతి తిప్పుకుంది. మళ్లీ ఇచ్చాను. చేత్తో తోసేసింది. నేను పరుగున వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను. రెడ్డెమ్మక్క వచ్చి పాప పక్కన కూర్చుంది.

"నీళ్లెందుకు వద్దు తల్లీ?"

"అందులో చీమ ఉండాది అవ్వా."

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. ఆమె చీమను తీసి పారేసి, గ్లాసు మార్చి, పాప తాగాక నా దగ్గరికి వచ్చింది. "నువ్వు సోమరిదానివని నేనేనాడూ అనుకోలా. నీకు అన్ని పనులూ ఒకే మాదిరి కనపడతాయి, అదీ నీతో వచ్చిన చిక్కు. అంట్లు తోమకుంటే వాసనొస్తాది, గుడ్డలు మడవకుంటే నలగతాయి. ఉండనీ, కొంప మునగదు. బిడ్డ కొంగు పట్టుకుంటే మటుకు గ్రైండరు ఆపేయి మే" అంది. నా ఇల్లు ఇప్పటికీ చిందరవందరే. కానీ ఆ రోజు నుంచి ఏది ఆగుతుందో ఏది ఆగదో నాకు తెలుసు.

ఒక్క పని తప్ప. మా ఆయనకూ నేను 'మరుసటి రోజే తీసుకెళ్లా' అనే చెప్పాను. "నేను సెప్పను, నువ్వు సెప్పాల్సిన మాట అది" అంది రెడ్డెమ్మక్క. చెప్తాలే అక్కా అన్నాను. కొన్నాళ్లు అడిగింది, తర్వాత అడగడం మానేసింది. ఆయన మాత్రం బంధువులందరికీ ఇప్పటికీ గొప్పగా చెబుతారు, మా ఆవిడ ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు కాబట్టే పాప దక్కిందని. ఆయన అలా అన్నప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్లి ఏదో ఒక గిన్నె తోముతాను. ఆ నిజం తెలిసిన ఇంకో మనిషి ఉందన్న ధైర్యంతో ఇన్నేళ్లు గడిపాను. ఇప్పుడు ఆమె లేదు. చిన్నికి అది గుర్తుందో లేదో అడిగే ధైర్యం లేదు.

అందుకే కూర్చుని ఇదంతా రాశాను. ఆయన కొండ దిగి వచ్చే వేళైంది. అన్నం తిన్నాక ఇద్దామనుకున్నాను. వద్దు. చెప్పులు విడవకముందే చేతిలో పెడతాను.