గోలీ ఆయన చేతికిచ్చాక

దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో ఆ ఉదయం మా ఆయన నర్సింహ చేతిలోంచి టమాటల సంచి జారిపోయింది. తూలి, పక్కనున్న తోపుడుబండి మీద పడ్డాడు. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది.

"పొద్దుగాల్నే తాగొచ్చినవా?" అంటూ బండివాడు చెంప పగలగొట్టాడు. ఈయన ఎడమ చేత్తో తిరిగి గుద్దాడు. నలుగురు కలిసి కింద పడేసి తన్నారు. నేను మీద పడి, "తాగలే! మూతి వంకర పోయింది చూడుండ్రి!" అని అరిచాకే ఆగారు. కొట్టినవాడే ఆటో పిలిచాడు.

ఎల్‌బీ నగర్ ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీసి, "స్ట్రోక్ అమ్మా. మెదడులో క్లాట్, రక్తం గడ్డకట్టింది. త్వరగా తెచ్చారు" అన్నారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట మెల్లగా తేరుకుంది.

మన్సూరాబాద్‌లోని మా ఇంటికొచ్చాక మందుల దగ్గర కొట్లాట మొదలైంది. వెల్డింగ్ షాపు నడిపిన మనిషి, మొండివాడు. నేను దవడ నొక్కి మాత్ర వేస్తే ఉమ్మేసేవాడు, గ్లాసు విసిరేవాడు. ఒకరోజు నా వేలు రక్తం కారేలా కొరికాడు. ఒళ్లు మండి నేనూ కొట్టాను. ఆ తర్వాత మాత్రలు పొడి చేసి పెరుగన్నంలో కలపసాగాను. ఆయనేమో నాకు తెలియకుండా పళ్లతో మాత్రల స్ట్రిప్ చింపి తనే వేసుకుంటున్నాడని తర్వాతే తెలిసింది.

ఒకరోజు బాత్రూమ్‌లో దబ్బుమని చప్పుడు. నల్లా తగిలి నుదురు చీలింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే బ్లడ్ థిన్నర్ వల్ల రక్తం ఆగలేదు. నా కొంగంతా తడిసిపోయింది. మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లాను.

"బీపీ బాగా పడిపోయింది. డబుల్ డోస్ వెళ్లినట్టుంది. మందులు ఎవరిస్తున్నారు?" అంది డాక్టరమ్మ. నేను చెప్పేలోపే మంచం మీంచి ఆయన అరిచాడు. "నేనేమన్న చిన్న పోరగాన్నా? ఏం గోలీనో చెప్పది. నోరు వట్టి కుక్కుతది!"

డాక్టరమ్మ కుర్చీ ఆయన వైపు జరుపుకుంది. "మీ అంతట మీరే వేసుకుంటారా?"

"చెప్తే ఏస్కుంట."

పక్షవాతం వచ్చినవాళ్లకి పనులు మళ్లీ నేర్పే రిహాబ్‌లో ఏ మందు దేనికో చెప్పి, ఎడమ చేత్తో మందుల డబ్బా తెరవడం నేర్పారు. మూత రాక ఆయన డబ్బాను గోడకేసి కొట్టాడు. సిస్టర్ వేరే డబ్బా, తేలిగ్గా తెరుచుకునేది, తెచ్చింది. ఆమె చూస్తుండగా తప్పు లేకుండా వేసుకోవడం వచ్చాకే ఇంటికి పంపారు.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కోపం పోలేదు, నిన్న రిమోట్ విసిరాడు. కానీ మందులు తనే తీసుకుంటాడు, నేను చూస్తుంటాను. మొన్న నాకు జ్వరమొస్తే మాత్ర నా అరచేతిలో పెట్టి, "గిది జరానికి. ఏస్కో" అన్నాడు.

మీ పెద్దవాళ్లు మందు వద్దంటే చాటుగా అన్నంలో కలపకండి. ఎందుకు వద్దంటున్నారో వాళ్లనే అడగండి. ఆ జవాబు డాక్టర్‌కి చెప్పండి.