అక్క పట్టే రెండో పాదం

మొయినాబాద్‌లో పంక్చర్ షాపు మీది గదిలో కిరాయికి ఉంటూ యూట్యూబ్ చానళ్లకు జానపదాలు రాస్తాను. రాస్తాను అంటే సగమే. మొదటి పాదం నాది, దానికి ప్రాస కలిపే రెండో పాదం మా అక్కది. మా ఊరు సురంగల్‌లో నాట్లు వేసిన రోజుల నుంచీ అంతే. నేనొక పాదం ఎత్తుకుంటే, మడి అవతలి గట్టు దగ్గర నుంచి తను నడుము ఎత్తకుండానే జత కలిపేది. నేనెప్పుడైనా కలపబోయి కుదరకపోతే అందరి ముందూ ఏకిపారేసేది. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ తిట్లే కావాలనిపిస్తుంది.

పోయిన వానాకాలం అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, నోరూ పడిపోయాయి. అన్నీ అర్థమవుతాయి, పలకరిస్తూ ఉండండని దవాఖానలో చెప్పారు. అందుకని ఆదివారం ఆదివారం బస్సెక్కి ఊరికి పోయి, మంచం పక్కన కూర్చుని, పసిపిల్లకు నేర్పినట్టు సులువైన పాదాలు అందించేదాన్ని. అక్క గోడవైపు తిరిగి పడుకునేది. ఇక నేను ఒక్కదాన్నే అనుకుని తిరుగు బస్సులో కళ్లు తుడుచుకునేదాన్ని. గదికొచ్చి ఫోన్‌లో ప్రాసల కోసం వెతికితే, ఎవరి నోటా పలకని సంస్కృత పదాలు బారెడు చూపించేది. దాని మొహం! నాటు వేసే మనిషి ఎవరైనా అట్లా పాడుతుందా?

ఒక ఆదివారం పోతూ చూస్తే, మేం నాట్లకు నడిచిపోయిన మెట్ట చెలక చుట్టూ ఫాంహౌస్ వాళ్లు కంచె వేసేశారు. నడుస్తూ నడుస్తూ ఒక పాదం కట్టాను కానీ జత దొరకలేదు. అక్క పక్కన కూర్చోగానే, నేర్పే సంగతి మరిచిపోయి, పాత అలవాటున అడిగేశాను.

“అక్కా, ‘కంచె పడ్డ చెలక కాలిబాట పాయె’. దీనికి ఎట్ల కలుపుతవ్?”

అక్క ఇటు తిరిగింది. ఎన్నాళ్లకో ఆ కళ్లలో పాత కోపం కనిపించింది. తోట పాయె అన్నాను. తల అడ్డంగా ఊపింది. పూట అన్నాను, మూట అన్నాను, ఆట అన్నాను. దేనికీ ఒప్పుకోలేదు. అన్నిటికంటే ముందే నా నోటికి వచ్చినది ఒకటుంది. దాన్ని మింగేశాను. ఆమె ముందు ఎట్లా అనేది? అక్క ఎడమ చేత్తో నా గదుమ పట్టుకుని తనవైపు తిప్పుకుంది. తర్వాత వేలితో తన పెదవులు చూపించింది. నేను తల దించుకుంటే మళ్లీ చూపించింది. అనేదాకా వదల్లేదు.

“కలిసి పాడే అక్క నోట మాట పాయె.”

అక్క అవునన్నట్టు తలూపింది. ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి, మొదటి నుంచి పాడమని చెయ్యి ఊపింది. మొదటి పాదం పాడి, ఎప్పటిలాగే ఆగాను. ఆమె నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. రెండోదీ నేనే పాడాను.