ముడుపు కట్టిన పావలా

1958లో, ఎండలు ఇంకా ముదరకముందే, నన్ను వేలూరు జిల్లా ట్రెజరీ నుంచి గుడియాత్తం సబ్ ట్రెజరీకి షరాబుగా వేశారు. షరాబంటే వచ్చిన నగదును లెక్కపెట్టి, మంచిదో చెడ్డదో తేల్చి పుచ్చుకునేవాడు. హోదా ఏమంత పెద్దది కాదు, గుమాస్తాకు కింద, బంట్రోతుకు పైన. అయితేనేం, నేను తలూపందే ఒక్క కాసు లోపలికి పోదు. ఆ దర్జా నాకు భలే ఇష్టంగా ఉండేది. రాష్ట్రాలు భాషల లెక్కన విడిపోయినప్పుడు చిత్తూరులో ఉన్న మా అన్న ఆంధ్రా ఉద్యోగి అయ్యాడు. వేలూరు పక్కన తొరపాడిలో ఇల్లున్న పాపానికి నేను మద్రాసు ఉద్యోగిగా మిగిలాను.

నయా పైసలు అప్పుడప్పుడే వస్తున్నాయి, అణాలూ పావలాలూ ఇంకా పోలేదు. రెండూ కలగలిసి వచ్చే ఆ గందరగోళం అందరికీ తలనొప్పి, నాకు మాత్రం పండగ. టంకసాలలో తప్పుగా పడ్డ నాణేలంటే నాకు పిచ్చి. అచ్చు పక్కకు జరిగినవి, అంచు ఎవరో కొరికినట్టున్నవి, అచ్చు పగిలి బొమ్మ మీద గీత తేలినవి వస్తుండేవి. ఇవి దొంగ నాణేలు కావు, చెల్లుతాయి. అకౌంటెంటు గారికి చెప్పి, ఆయన కళ్ళముందే అంతే విలువ గల నాణెం నా జేబులోంచి వేసి, తప్పు నాణెం తీసుకునేవాణ్ణి.

అన్నీ ఉంచుకుంటే జీతమంతా చిల్లరైపోతుంది కాబట్టి ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి. మొదట, తప్పు టంకసాలలో జరిగిందై ఉండాలి. సుత్తి దెబ్బ తిన్నదీ, రైలు పట్టా మీద పెట్టిందీ నాకొద్దు. వీధిలో దెబ్బ తిన్న నాణెం మీద లోహం ఎటో ఒకవైపు నలిగి, వేలికి గరుగ్గా తగులుతుంది. ఆ పైన మా ఆవిడ రాజమ్మ పరీక్ష. వారమంతా గుడియాత్తంలో ఉండి, శనివారం తొరపాడి వెళ్ళగానే నాణెం ఆమె చేతిలో పెట్టి, తప్పేమిటో చెప్పమనేవాణ్ణి. భూతద్దం పెడితేగాని కనబడనిది ఆమె దృష్టిలో తప్పే కాదు. “ఇది బాగానే ఉండాది కదా, కూరగాయలకి పనికొస్తాది” అని కొంగున ముడేసుకునేది. అలా ఎన్ని అపురూపమైన గీతలు తోటకూరకు పోయాయో! గెలిచినవి ఒక ఇత్తడి నశ్యం డబ్బాలో చేరేవి. అది నిండాక ఒకటి లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. అది కూడా ఆమె చట్టమే.

ఒకసారి సంత మరునాడు మునిసిపాలిటీ వాళ్ళు గేటు దగ్గర వసూలైన రుసుము జమకట్టడానికి తెచ్చిన సంచిలో ఒక పావలా కనబడింది. సింహాల బొమ్మ ఓ పక్కకు జారిపోయి, రెండో పక్క నెలవంకంత మేర బోడిగా ఉంది. అంతగా జరిగిన అచ్చు నేను అంతకుముందు చూడలేదు. శనివారం చూపిస్తే రాజమ్మ, “అబ్బ! ఇదేంది, సింహాలు గోడ దూకి పారిపోతా ఉండాయే!” అని పగలబడి నవ్వింది. పావలా డబ్బాలోకీ, పాత అణా ఒకటి కూరగాయలకూ పోయాయి.

కొన్నాళ్ళకు, గంగమ్మ జాతర రేపనగా, మునెమ్మ అనే ఆమె మా కిటికీ దగ్గరకు వచ్చింది. అగ్గిపెట్టెల కార్ఖానాలో పని. “అయ్యా, ఒక పక్క బోడిగా ఉండే పావలా మీ తావుకి వచ్చిండాదా?” అని అడిగింది. కూతురికి ఒళ్ళంతా అమ్మవారు పోసి, ఆశ వదులుకున్నప్పుడు, ఆ పావలాను పసుపు గుడ్డలో గంగమ్మకు ముడుపు కట్టిందట. బిడ్డ బతికింది. మేకను అమ్మడానికి సంతకు బయలుదేరిన మొగుడు, గేటు దగ్గర ఇవ్వాలి కదా అని గూట్లో ఉన్న గుడ్డ విప్పి దాన్ని తీసుకుపోయాడట. గేటు నుంచి మునిసిపాలిటీకి, అక్కణ్ణుంచి మా దగ్గరకు ఆరా తీస్తూ వచ్చింది.

“వేరే పావలా ఏస్తే సరిపోతాదంటాడయ్యా ఆయన. బిడ్డ పేరు చెప్పి కట్టింది ఆ కాసునే కదా. మార్చి ఏస్తే అమ్మోరు ఊరుకుంటాదా? బిడ్డకి మళ్ళా ఏమన్నా అయితే?” అంది.

పోయి పోయి ఆ బోడి పావలానే ఎందుకు కట్టావమ్మా అని అడిగాను.

“అంగట్లో ఎవురూ తీసుకోల్యా. అమ్మోరయితే వద్దనదని కట్టినా.”

నాకు నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుంటూనే ఆమె కూడా నవ్వింది.

నిబంధనల ప్రకారం ఆ పావలా నాదే. ఇవ్వాలంటే ప్రాణం ఉసూరుమంది, అయినా బిడ్డ ముడుపని తెలిశాక డబ్బాలో ఎలా ఉంచుకోను? రేపు గుడి దగ్గర తెచ్చిస్తానని చెప్పి, ఒకపూట సెలవు పెట్టి బస్సెక్కి తొరపాడి చేరాను. సంగతి వినీ వినగానే రాజమ్మ నా మీద పడింది. “బిడ్డ ముడుపును తెచ్చి నశ్యం డబ్బాలో పెట్టినారా? పదండి, నేనూ వస్తా” అని చీర మార్చుకుని నాకంటే ముందు వీధిలోకి దిగింది.

మర్నాడు గుడి దగ్గర పావలా ఇవ్వబోతే మునెమ్మ ఊరికే తీసుకోలేదు. “అట్ల తీసుకుంటే మొక్కు మీదవుతాది” అని ఒక మంచి పావలా నా చేతిలో పెట్టింది. బోడి పావలాకు నిండా పసుపు పట్టించి కూతురి చేతికిచ్చింది. తండ్రి భుజాల మీద నుంచి ఆ పిల్ల వంగి దాన్ని హుండీలో వేసి, చప్పట్లు కొట్టింది. రాజమ్మ కూడా కొట్టింది. నేను మాత్రం హుండీ వైపు చూస్తూ నిలబడ్డాను.

జాతర అయిన తర్వాత గుడివాళ్ళు హుండీ చిల్లరను నోట్లుగా మార్చుకోవడానికి మా ఆఫీసుకే తెచ్చారు. బల్ల మీద కుమ్మరించగానే, పచ్చగా పసుపు పట్టి, సింహాలు పారిపోతున్న పావలా! “వచ్చేసిందీ!” అని అరిచాను. “ఎన్నయ్యా, కళ్ళకాసా?” అని అరవంలో అడుగుతూ అకౌంటెంటు గారు దొంగ నాణెం దొరికిందనుకుని పరుగున వచ్చారు. ఆయన ముందే మునెమ్మ ఇచ్చిన పావలా వేసి దాన్ని తీసుకున్నాను. అయినా మనసు ఒప్పక, సాయంత్రం కార్ఖానా దగ్గర నిలబడి, ఉంచుకోవచ్చా అని ఆమెనే అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. “మొక్కు తీరిపోయినాదయ్యా. ఇంగ అది ఉత్త కాసే. అంగట్లో తీసుకోరు, జాగ్రత్త!” అంది.

రిటైరయ్యేదాకా నా పద్ధతి మారలేదు, ఒక పరీక్ష మాత్రం ముందుకొచ్చి చేరింది. తప్పు టంకసాలదా, వీధిదా అన్నది తర్వాత చూసేవాణ్ణి. నాణెం ఎవరిచ్చారో కనుక్కుని, దాంతో ఇంకా ఎవరికైనా పని ఉందేమో ముందు అడిగేవాణ్ణి. లేదంటేనే డబ్బా మూత తీసేవాణ్ణి.